ఆ రాగి తీగ విప్పకండి: ఉరుముల తుపాకి కోసం కొట్లాడుతున్న మా ఊరివాళ్లకు బహిరంగ లేఖ

గడీ వారసులకు, పాత ఇంటి అన్నదమ్ములకు, దళం తాత మనవలకు, మా గ్రామ పంచాయతీ పెద్దలకు నమస్కారం.

మీలో సగం మందికి నేను సారును. దేవరకొండ చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి ఈ ఊళ్లోనే స్థిరపడ్డవాణ్ని. ఈ తుపాకి సంగతి మాట్లాడుదామని పంచాయతీ ఆఫీసుకు రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ నా మాట సగంలో ఉండగానే లొల్లి మొదలైంది. ఒకాయన కుర్చీ ఎత్తాడు. అందుకే అందరూ చదివేటట్టు రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి గురించి రాశానో వాళ్లకు తెలుస్తుంది.

ముందు ఆ రోజు నేను చూసింది చెప్తాను. పాత పెంకుటిల్లు కూలగొడుతుంటే జేసీబీ పంజా నడిమింటి మట్టిగోడకు తగిలింది. మూడడుగుల మందం గోడ అది. లోపల ఒక గూడు, దానికి రాళ్లు పేర్చి మట్టి మెత్తి ఉంది. అందులోంచి నల్ల గొంగడి మూట జారి పడింది. గొంగడి సగం చెదలు తినేసింది. విప్పితే రెండు గొట్టాల తుపాకి. బయటికి రెండు గుర్రాలు, అంటే తూటాను కొట్టి పేల్చే కొక్కేలు, ఉన్న పాత కాలం రకం. గొట్టాల మీద తుప్పు లేని చోట నీళ్లలో నూనె తేలినట్టు సుడులు సుడులుగా చారలు కనబడ్డాయి. డమాస్కస్ గొట్టాలంటారు వాటిని. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలితిప్పి, కాల్చి, సాగగొట్టి చేసేవాళ్లు. నల్ల తుపాకిమందు తూటాల కాలం నాటి పని. మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, సన్నగా ఉండే చోట విరిగింది. విరిగిన చోట రాగి తీగ చుట్టి ఉంది, వేలెడు మేర, ఒక్క చుట్టు కూడా మరో చుట్టు మీదికి ఎక్కకుండా.

పోలీసులు వచ్చేదాకా మూడు గంటలు ఆ తుపాకి మన పిల్లల చేతుల్లో తిరిగింది. సెల్ఫీలు దిగారు. ఒకడు ఇంకొకడి ఛాతీకి గురిపెట్టి గుర్రం వెనక్కి లాగబోయాడు. తుప్పు పట్టి అది కదల్లేదు. సాయంత్రం స్టేషన్లో తెలిసినాయన జాగ్రత్తగా తుపాకి తెరిచి చూస్తే, ఎడమ గొట్టంలో తూటా ఉంది. ఇత్తడి అడుగు పచ్చబడి, కాగితం ఉబ్బి, గొట్టానికి అతుక్కుపోయి ఉంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర సరిగా లేదు. ఆ పిల్లలిద్దరూ నా దగ్గర చదివినవాళ్ల కొడుకులే.

ఆ తూటా గురించి మీరెవరూ ఆలోచించినట్టు లేదు. పనికిరాదని పారేసే వస్తువులో ఎవడూ తూటా నింపి పెట్టడు. దాచినవాడు మళ్లీ వచ్చి తీసుకుందామనుకున్నాడు. రాలేదు. ఎందుకు రాలేదో మన ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో ఇంకా గుర్తుండి ఉంటుంది.

ఇది ఏ తుపాకి అన్నదాంట్లో అనుమానం లేదు. ఊరంతా ఒక్క మాటే అన్నది, ఉరుముల తుపాకి అని. చందంపేట గుట్టల్లో ఒక్కసారి పేలిస్తే రెండుసార్లు మోగేదట. దూరాన పశువులు కాసేవాళ్లు వాన వస్తుందనుకుని మందను మళ్లించేవాళ్లట. మా నాయన తరం పిల్లలు బొంగులో నీళ్లు పోసి చిమ్ముకుంటూ ఆ తుపాకి పేరు చెప్పి ఆడుకున్నారు. డెబ్బై ఏళ్లకు పైగా కథల్లో ఉన్న తుపాకి గోడలోంచి రాలిపడితే మనసు ఆగదు. నాక్కూడా ఆగలేదు. అందుకే ఎవరినీ తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు.

గడీ వారసులారా, మొదట మీతో మాట్లాడతాను. మీ దగ్గర తాతగారి ఫొటో ఉంది. చిరుతపులి మీద కాలు పెట్టి, చేతిలో ఇదే తుపాకి. నిజాం సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉండేదని, ఇల్లు మారినప్పుడు పోయిందని అంటున్నారు. నేను నమ్ముతాను. దోచుకున్నవాడి దగ్గర కొన్నవాడికి కూడా హక్కు రాదు, తనకు లేని హక్కును ఎవడూ ఇంకొకడికి ఇవ్వలేడు అని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం చెప్తుందని మీ వకీలు అన్నాడు. అది నిజమే. గడీ సొమ్ము వెట్టి మీద, నాగుల (వడ్డీకిచ్చే ధాన్యం అప్పుల) మీద ఎట్లా పోగైందో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. కానీ దానికి మీరు జవాబుదారులు కారు, మీరు అప్పటికి పుట్టలేదు. నాకు అభ్యంతరమైనది మీ హక్కు కాదు. తుపాకి చేతికి రాగానే విరిగిన మడమ తీసేసి, కొత్త వాల్‌నట్ మడమ వేయించి, గొట్టాలకు మెరుగు పెట్టించి, తాతగారి కాలంలో ఎట్లా ఉందో అట్లా చేయిస్తామన్నారే, ఆ మాట.

ఎందుకో చెప్తాను. మీ ఫొటోలో మడమ నిండుగా ఉంది. తీగ లేదు. అంటే తుపాకి మీ గడీలో ఉన్నంత కాలం విరగలేదు. మరి ఎప్పుడు విరిగింది, ఎవరు కట్టారు? సాయుధ పోరాటంలో దళంలో తిరిగిన దళం తాత మనవలు చెప్పేది ఇదీ: గడీ మీదికి జనం పోయిన రాత్రి వాళ్ల తాత తుపాకి పట్టుకుని ప్రహరీ గోడ దూకాడు. కింద పడ్డప్పుడు మడమ విరిగింది. దొర కారులోంచి తీసిన తీగతో తనే కట్టుకున్నాడు. వాళ్ల చేతిలో కాగితం లేదు, ఫొటో లేదు. దళంలో ఉన్నవాడు ఫొటో దిగడు కదా. వాళ్లకున్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ తీగ. మీరు మంచి ఉద్దేశంతోనే బాగు చేయిద్దామనుకోవచ్చు. కానీ ఆ తీగ విప్పిన రోజు ఒక కుటుంబం నోరు మూసుకుపోతుంది.

ఇక ఇంటి అన్నదమ్ములు. మా గోడలో దొరికింది కాబట్టి మాదే అంటున్నారు. తమ్ముళ్లూ, గోడ మీదైతే గోడలోది మీదైపోదు. నేలలో గానీ, నేలకు అంటుకుని ఉన్న దేంట్లో గానీ దాచిన వస్తువు దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెప్తుంది. వందేళ్లలోపు దాచినదైతే, దాచినవాళ్ల తరఫువాళ్లు వచ్చి హక్కు నిరూపించుకోవడానికి అవకాశం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఎవరో పోగొట్టుకున్న వస్తువు దొరికినవాడు దాన్ని అప్పగింతకు తెచ్చుకున్న సొమ్ములా జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం అంటుంది. మీరు దాన్ని పోలీసులకు అప్పగించారు. అక్కడికి మీ బాధ్యత మీరు నెరవేర్చారు, అందుకు ఊరు మీకు రుణపడి ఉంది. కానీ హైదరాబాదు నుంచి ఎవరో ఫోన్ చేసి ఎనిమిది లక్షలు ఇస్తానన్నాడని అడ్వాన్సు మాట్లాడటం మాత్రం మీకే ప్రమాదం.

గెలిచినవాళ్లు ఎవరైనా సరే, దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి పోవడం కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో తుపాకి ఉండకూడదు. తాతదైనా, తండ్రిదైనా అంతే. బాగు చేయించినా ఇక పేలదు అన్నంతగా పాడైపోయిన పాత కాలపు ఆయుధాలకే మినహాయింపు. ఇది ఆ కోవకు వస్తుందో రాదో చూసినవాళ్లు చెప్పాలి. పైగా మనం అడవి పక్కన ఉన్నాం. అమ్రాబాద్ పులుల అడవిలో కొంత భాగం మన నల్లగొండ వైపే ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు తుపాకి లైసెన్సు ఉన్నవాళ్లు అటవీ శాఖ దగ్గర కూడా నమోదు చేసుకోవాలని 1972 నాటి వన్యప్రాణి చట్టంలో ఉంది. అదే చట్టం వచ్చాక ఈ తుపాకి పుట్టిన పనే, వేటే, నేరమైంది. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువని తేలితే దేశం దాటించడానికీ వీల్లేదు. కాబట్టి ఎవరో విదేశాల్లో అమ్మిపెడతానంటే నమ్మకండి.

ఇంకో మాట, ఇది నాకు కొంత నెమ్మదినిచ్చింది. పోయిన వస్తువు ఫలానావాళ్ల దగ్గర ఉందని తెలిసిన రోజు నుంచి దావా వేయడానికి మూడేళ్లు గడువు ఉంటుందని నేను అడిగిన వకీలు చెప్పాడు. మూడేళ్లు! రేపటికి రేపు తేలకపోతే చేజారిపోతుందని మీరెవరూ టెన్షన్ పడాల్సిన పని లేదు. మీరు మీ వకీళ్లను కూడా అడిగి చూడండి. ఈ తొందరే కదా కుర్చీలు ఎత్తిస్తున్నది.

నేను ఈ మధ్య ఇట్లాంటిదే ఒక తుపాకి కథ చదివాను. అమెరికాలో నాష్ బకింగ్‌హామ్ అనే ఆయన బాతుల వేట మీద కథలు రాసి పేరు తెచ్చుకున్నాడు. మెంఫిస్ ఊరివాడు. ఆయన రెండు గొట్టాల తుపాకికి కూడా మన దానిలాగే మోత వల్లనే పేరొచ్చింది, బో-వూప్ అని. ఒక స్నేహితుడు దాని లోతైన చప్పుడు విని పెట్టిన పేరు. 1948 డిసెంబరు 1న ఆర్కన్సాలో క్లారెండన్ అనే ఊరి దగ్గర వేట ముగించుకుని వస్తుంటే అడవి అధికారులు లైసెన్సులు చూడటానికి ఆపారు. పేరున్న తుపాకి కదా, ముచ్చటపడి చూశారు. చూసి కారు మడ్‌గార్డు మీద పెట్టారు. మాటల్లో పడి ఎవరూ గమనించలేదు, కారు కదిలింది. కొంత దూరం పోయాక గుర్తొచ్చి వెనక్కి వెళ్లి ఎంత వెతికినా దొరకలేదు. 1971లో ఆయన పోయేదాకా మళ్లీ దాన్ని చూడలేదు.

1948 అనే అంకె దగ్గర నేను చదవడం ఆపేశాను. మనకూ అదే సంవత్సరం కదా. ఆ సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య. ఆ తర్వాత మిలిటరీ వచ్చింది, ఆయుధాలు అప్పగించమన్నది, దళాలు నల్లమల వైపు జరిగాయి. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం ఆపేదాకా ఎన్ని తుపాకులు గోడల్లోకి, బావుల్లోకి, గడ్డివాముల్లోకి పోయాయో! అక్కడ ఒకాయన మరపుతో పోగొట్టుకున్నాడు. ఇక్కడ మనవాళ్లు ప్రాణభయంతో దాచుకున్నారు. రెండూ ఒకటి కావు. కానీ ఆ తర్వాత జరిగింది మనం నేర్చుకోదగ్గది.

2005 ప్రాంతంలో దక్షిణ కెరొలినాలోని డార్లింగ్టన్‌లో తుపాకులు బాగుచేసే దుకాణానికి ఎవరో ఒక పాత తుపాకి తెచ్చారు. మడమ విరిగి ఉంది. అవును, దానిదీ మడమే. గొట్టం మీద నాష్ బకింగ్‌హామ్ కోసం చేసింది అని చెక్కి ఉంది, రెండో గొట్టం మీద చేసినవాడి పేరు బర్ట్ బెకర్. అట్లా దొరికింది. పోగొట్టుకున్న వస్తువు పోగొట్టుకున్నవాడిదే కదా, చేతులు మారినంత మాత్రాన ఇంకొకరిదెట్లా అవుతుంది అన్న ప్రశ్న అక్కడా లేవక మానదు. చివరికి 2010లో వేలానికి వచ్చింది. రెండు లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. కొన్నాయన బకింగ్‌హామ్ స్నేహితుడి కొడుకే. ఇంటికి తీసుకుపోలేదు. నీటి పక్షుల ఆవాసాలను కాపాడే డక్స్ అన్‌లిమిటెడ్ అనే సంస్థకు ఇచ్చేశాడు. ఇప్పుడు మెంఫిస్‌లో నలుగురూ పోయి చూసేటట్టు ఉంది.

దాని మీద యజమాని పేరు చెక్కి ఉంది కాబట్టి ఎవరిదో తెలిసింది. మన దాని మీద పేరు లేదు. కానీ నంబరు ఉంది. గొట్టాల కింద ముద్రలు ఉన్నాయి, ఇంగ్లండులో ప్రూఫ్ హౌసుల్లో పరీక్ష చేసి కొట్టే ముద్రలు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఈ పని చేస్తున్నది. ముద్రల ఆకారాన్ని బట్టి ఏ కాలందో తెలిసినవాళ్లు చెప్తారు. ఆ దేశపు పాత తుపాకి కంపెనీలు కొన్ని తమ అమ్మకం పుస్తకాలు ఇప్పటికీ దాచుకున్నాయి. నంబరు రాసి పంపితే ఎవరికి, ఏ సంవత్సరం అమ్మారో చెప్పగలిగినవి ఉన్నాయి. గట్టిగా తోమితే మొదట పోయేవి ఆ ముద్రలే. ఇది మెరుగు పెట్టవద్దనడానికి నా రెండో కారణం.

ఇప్పుడు మీరెవరూ పిలవని మనిషి గురించి చెప్తాను. పోయిన నెల అడవి లోపలి చెంచు పెంటకు (గూడేనికి) పోయాను. దొర వేటకు దారి చూపింది చెంచులే కదా, వాళ్లను ఎవరైనా అడిగారా అని. అక్కడ ఒక ముసలమ్మ ఉంది. తుపాకి దొరికిందంటే ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ తుపాకి మా తాత భుజం మీదనే ఉండేది, దొర చేతికి పేల్చేటప్పుడే పోయేది, అన్నది. అంతే అన్నది. తుపాకి కావాలని అడగలేదు. జాడ తీసేది, మోసేది, మంచె కట్టేది, రాత్రంతా కింద నిలబడేది వాళ్ల తాత. మీ ఫొటోలో చిరుత వెనక, అంచున, సగం తెగిపోయిన ఒక భుజం కనబడుతుంది చూడండి. తలపాగా అంచు కూడా కనబడుతుంది. ఆ భుజం ఎవరిదో ఆమె చెప్పగలదేమో. ఆ ఫొటో నకలు ఒకటి ఇప్పించండి, పట్టుకుపోయి చూపిస్తాను.

మా తాత సంగతి కూడా చెప్పకపోతే ఈ లేఖ సగం అబద్ధమవుతుంది. ఆయన హాకాకు పోయేవాడు. వెట్టి. పొద్దున్నే సుంకరి వచ్చి పిలిస్తే ఇంటికొక మగమనిషి డప్పో, డబ్బానో పట్టుకుని అడవిలో వరుస కట్టాలి. అరుచుకుంటూ జంతువును దొర మంచె వైపు తోలాలి. ఒకరోజు అడవిపంది అడ్డం తిరిగింది, దొర కాల్చాడు, ఛర్రాలు, తూటాలోని చిన్న గుళ్లు, పొదలు దాటి వచ్చాయి. తాత ఎడమ కాలి పిక్కలో మూడు దిగాయి. రెండింటిని మంగలి కత్తితో తీశారు. మూడోది ఉండిపోయింది. నా చిన్నప్పుడు ఆయన అరుగు మీద కూర్చుంటే నేను పిక్క మీద వేలు పెట్టి దాన్ని అటూ ఇటూ జరిపేవాణ్ని. చర్మం కింద జొన్నగింజలా కదిలేది. ఆయన కాలు గుంజుకునేవాడు కాదు. ఉరుముల తుపాకి ముక్క బిడ్డా, అనేవాడు. ఆ ముక్కతోనే పోయాడు. ఆయనను పూడ్చిన చోటు మీ అందరికీ తెలుసు.

నేను తుపాకిలో వాటా అడగడం లేదు. ఎవరు అడుగుతున్నారు, ఏమని అడుగుతున్నారు అన్న జాబితా పంచాయతీలో రాస్తున్నారు కదా, అందులో మా తాత పిక్క కూడా రాయమంటున్నాను. ముసలమ్మ తాత భుజం రాయమంటున్నాను.

పంచాయతీ పెద్దలారా, మీరు చేయగలిగింది చాలా ఉంది. మీరు ఫైసలా చేయలేరు, అది కోర్టు పని. కానీ గ్రామసభ పెట్టి తీర్మానం చేయవచ్చు. ఎవరి హక్కు తేలినా, తేలేదాకా ఆ తుపాకిని తోమకూడదు, తీగ విప్పకూడదు, మడమ మార్చకూడదు, అమ్మకం మాట ఎత్తకూడదు అని నాలుగు మాటలు రాసి, సంబంధించిన వాళ్లందరి సంతకాలు తీసుకుని, జిల్లా అధికారులకు పంపండి. తూటాను తెలిసినవాళ్ల చేత తీయించి, దాన్ని కూడా పారేయకుండా విడిగా భద్రపరచమని అడగండి. నంబరు, ముద్రలు ఫొటో తీయడానికి అనుమతి కోరండి. కేసు తేలాక, గెలిచినవాళ్లు ఒప్పుకుంటే, పేలకుండా చేసి మ్యూజియంలో పెట్టమని వారసత్వ శాఖను అడుగుదాం. ఒప్పుకోకపోతే వాళ్ల ఇష్టం, నేను ఒక్క మాట అనను. లైసెన్సు తెచ్చుకుని గోడకు తగిలించుకోనివ్వండి. తీగ మాత్రం దానికి అట్లాగే ఉండనివ్వండి.

దళం తాత మనవలారా, మీకు ఒక్కటే చెప్పాలి. మీ నాయనమ్మకు తొంభై దాటాయి. ఆ గోడలో ఎవరు పెట్టారో, ఆ ఇంటివాళ్లకు అప్పుడు తెలుసో తెలియదో చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే మిగిలింది. మీరు వకీలు చుట్టూ తిరుగుతున్నారు గానీ ఆమె పక్కన కూర్చుని అడిగారా? మొన్న నేను పోతే, మంచంలోంచి లేవకుండానే, రాళ్లు పేర్చిన రాత్రి వాన పడుతుండె సారూ, మట్టి ఆరలేదు, అన్నది. ఇంతలో మీ ఇంట్లో ఎవరో టీవీ పెట్టారు. ఆమె ఆగిపోయింది.

వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నేను మళ్లీ మీ ఇంటికి వస్తాను. నోటుబుక్కు తెచ్చుకుంటాను. గడీ వారసులను, ఇంటి అన్నదమ్ములను కూడా రమ్మంటున్నాను. ఎవరూ వాదించవద్దు. ఆమె చెప్పేటప్పుడు టీవీ కట్టేసి ఉంచండి.

ఇట్లు,
మీ ఊరి రిటైర్డ్ సారు